కుదుపు తగలకుండా సూళ్లూరుపేటకు

పలమనేరు నుంచి సూళ్లూరుపేటకు పోవడం కూడా ఒక యాత్రేనా అని మీరు అడగొచ్చు. పొద్దున బస్సెక్కితే రెండు బస్సులు మారి మధ్యాహ్నం భోజనం వేళకు దిగిపోవచ్చు. మా వైపు టమాటా పెట్టెలు రోజూ ఇంతకంటే దూరం పోతాయి. కానీ పక్క సీట్లో ఒక అద్దాన్ని కూర్చోబెట్టుకుని, దానికి ఒక్క గట్టి కుదుపు కూడా తగలకూడదన్న షరతుతో మీరెప్పుడైనా ఆ దారిలో పోయారా? నేను పోయాను. వచ్చినప్పటి నుంచి ఎవరు కనబడితే వాళ్లకు చెబుతూనే ఉన్నాను. మా అమ్మ ఇప్పటికే చెవులు మూసుకుంటోంది కాబట్టి ఇక మీకు చెబుతాను.

పలమనేరు, రేకుల షెడ్డు

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. నాయనకు ఆవులున్నాయి, కాస్త టమాటా చేను ఉంది. నాకు ఉద్యోగం వచ్చిన రోజే ఆయన పాల కేంద్రం దగ్గర నిలబడి, "మా నాగవేణి శాటిలైట్లకు పని చేస్తా ఉండాది" అని అందరికీ చెప్పేశాడు. ఆ రోజు నేను చేసిన పనల్లా వెన్న తీసే మిషన్ల నట్లు విప్పడమే.

మా వర్క్‌షాపు బైపాస్ పక్కన రేకుల షెడ్డు. యజమాని పేరు మునిరత్నం. మేమంతా అన్నా అంటాం. పాలలోంచి వెన్న వేరు చేసే మిషన్లో ఒక గిన్నె గిరగిరా తిరుగుతుంది. ఆ గిన్నెకు ఒకవైపు చిటికెడు బరువు ఎక్కువైనా మిషన్ మొత్తం అదురుతుంది. అదిరి అదిరి బేరింగులు పోతాయి. బరువు ఎక్కడ ఎక్కువుందో సెన్సర్ పెట్టి కనిపెట్టి, అక్కడ రవ్వంత గీకి సరిచేయడం మా పని. సరిచేశాక అన్న తిరుగుతున్న మిషన్ మీద ఒక రూపాయి బిళ్లను నిలువుగా నిలబెడతాడు. బిళ్ల పడితే పని మళ్లీ మొదటికి. నిలబడితే అందరికీ టీ. నేను చేరిన కొత్తల్లో ఆ బిళ్లను చూస్తూ టీ చల్లార్చుకున్న రోజులు చాలా ఉన్నాయి.

పాల డెయిరీ పని మీద వచ్చిన బెంగళూరు ఇంజినీరు ఒకాయన ఆ బిళ్లను చూశాడు. వాళ్లు ఒక చిన్న ఉపగ్రహానికి కెమెరా చేస్తున్నారట. కెమెరాలో అరచేతంత అద్దం ఉంటుంది. రాకెట్ లేచేటప్పుడు వచ్చే అదురుకు ఆ అద్దం పగలకూడదు, వెంట్రుకవాసి పక్కకు జరగకూడదు. దానికి ఒక ఆసనం కావాలి. అల్యూమినియం వలయం, దాని లోపల అదురును మింగేసే మెత్తలు, వాటి మధ్య అద్దం. మేం దాన్ని పీఠం అంటాం. అన్న నెలల తరబడి కూర్చుని చేశాడు. అద్దం బెంగళూరు నుంచి వచ్చింది, బిగించాం. ఇక సూళ్లూరుపేట దగ్గరున్న ఒక ల్యాబ్‌లో, అదిరించే బల్ల మీద, దాన్ని పరీక్షకు నిలబెట్టాలి.

షరతు ఇక్కడే ఉంది. పీఠాన్ని నురుగు దిండ్ల మధ్య పెట్టి తీసుకుపోయే పెట్టె లోపలి గోడకు బెంగళూరువాళ్లు అగ్గిపెట్టెంత లాగర్ బిగించి పంపారు. దారిలో తగిలిన ప్రతి కుదుపునూ అది గుర్తుపెట్టుకుంటుంది. అంతా బాగుంటే పెట్టె బయటికి కనబడేలా పచ్చ దీపం మిణుకుతుంది. హద్దు దాటిన కుదుపు ఒక్కటి తగిలినా ఎర్ర దీపం వెలుగుతుంది, ఇక మళ్లీ పచ్చగా మారదు. ఎర్రగా వెలిగిన పెట్టెలోని సరుకును బల్ల ఎక్కించరు. ఇంకో అద్దం రావాలంటే నెలలు పడుతుంది, ఆలోగా పని ఇంకొకరికి పోతుంది. ఈ పని పోతే నా ఉద్యోగమూ పోతుంది. చేరిన రోజే అన్న నాతో, "ఈ పని నిలబడితే నువ్వు ఉంటావు పాపా. గిన్నెలు గీకేదానికైతే నేనొక్కణ్నే సాలు" అన్నాడు. మనసులో ఒకటి పెట్టుకుని బయట ఒకటి మాట్లాడే మనిషి కాదు.

బయల్దేరే పొద్దున మా డ్రైవరు గౌస్ మామ కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అన్న వంగి నాలుగూ తీసేశాడు.

"ఏందన్నా, ఎత్తేస్తివే?"

"నిమ్మకాయ ఎక్కి దిగేది గూడా కుదుపే కదప్పా."

"అది నిమ్మకాయన్నా, బండరాయి కాదు."

"ఇంటికి తీసుకోనిపోయి ఊరగాయ పెట్టుకోపో."

గౌస్ మామ వాటిని స్టీరింగ్ ముందర వరుసగా పేర్చుకున్నాడు. పెట్టెకు వెనక సీట్లో బెల్టు పెట్టాం. దాని పక్కన, అద్దం లేని ఇంకో పీఠం సంచిలో. జోడు చేసి ఉంచడం అన్న అలవాటు. ల్యాబ్ వాళ్లు ముందు దానితో బల్లను సరిచూసుకుంటారు. పెట్టె మీద ఒక చెయ్యి వేసుకుని నేను కూర్చున్నాను.

మొగిలి ఘాటు

పలమనేరులో జూన్ నెలలో కూడా పొద్దున పూట చలి గాలి ఉంటుంది. మొగిలి ఘాటు దిగేకొద్దీ కారు కిటికీలోంచి వచ్చే గాలి వెచ్చబడి, కిందికి చేరేసరికి పొయ్యి ముందు కూర్చున్నట్టు అవుతుంది. ఈ దారిలో నేను కాలేజీకి ఎన్నోసార్లు పోయి వచ్చాను. బస్సులో నిద్రపోతూ పోయినదాన్ని. ఈసారి మాత్రం ప్రతి అతుకూ, ప్రతి గుంతా నా ఒంటికి తెలిసింది. మన రోడ్లకు ఇన్ని రకాల ఒళ్లు ఉన్నాయని అప్పుడే తెలిసింది. కొత్త తారు నునుపు వేరు, వంతెన అతుకుల దగ్గర టకటక వేరు, ఊరి మొదట్లో పంచాయతీ వాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకరు ఎత్తు వేరు.

గౌస్ మామ ఇంతకు ముందు కోడిగుడ్ల వ్యాను తోలేవాడు. స్పీడ్ బ్రేకరు కనబడితే కారును దాదాపు ఆపేసి, ముందు చక్రాలను ఒకదాని తర్వాత ఒకటి, ఏటవాలుగా ఎక్కించి దించేవాడు. వెనక బండ్లు హారన్ కొట్టి కొట్టి అలసిపోయేవి. ఒక చోట ఆర్టీసీ బస్సు డ్రైవరు మా పక్కకు వచ్చి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏమప్పా, కార్లో పెండ్లికూతురు ఉండాదా?"

"అద్దం ఉండాదన్నా" అన్నాడు గౌస్ మామ.

"అయితే ఈడే నిలిపి దువ్వుకోని రాండి, తొందరేముంది" అని వెళ్లిపోయాడు.

పచ్చ దీపం మిణుకుతూనే ఉంది.

చిత్తూరు, మామిడి ట్రాక్టర్లు

చిత్తూరు చేరేముందు దారి సగం ట్రాక్టర్లే. తోతాపురి కాయల కాలం. గుజ్జు ఫ్యాక్టరీ గేటు నుంచి రోడ్డు మీద దాకా వరుసగా నిలబడి ఉన్నాయి. కాయల వాసన కారులోకి వచ్చి కూర్చుంది. మా ఊళ్లో పాల కేంద్రం దగ్గర క్యాన్లు ఇలాగే వరుసలో నిలబడతాయి గానీ, అక్కడ మనుషులు క్యాను పెట్టేసి ఇంటికి పోతారు. ఇక్కడ ట్రాక్టరు కిందే చాప వేసుకుని, అక్కడే వండుకుని, పేకాడుకుంటూ రోజులు గడుపుతున్నారు. ఎవరి వంతు దాటినా ఊరుకోరు. మూత్రానికి పోయిన మనిషి వంతు కూడా పక్కవాడు కాపాడి పెడతాడు.

వరుసకు ఎదురుగా తాటాకు కప్పిన టిఫిన్ అంగట్లో ఆగాం. ఇడ్లీ ప్లేటు ముప్పై రూపాయలు. మా పలమనేరులో ఇడ్లీ మీద చెనక్కాయల, అదే వేరుశనగ, చట్నీ గట్టిగా ఒక ముద్ద పెడతారు. ఇక్కడ ఇడ్లీ మునిగేదాకా సాంబారు పోసేస్తారు, అడక్కుండానే. గౌస్ మామకు అది నచ్చక, నాకు నచ్చి, ఆయన ప్లేటు కూడా నేనే తిన్నాను. పెట్టెను మాత్రం కారులో వదల్లేదు. పక్కన బెంచీ మీద పెట్టుకున్నాను. మా ఎదురుగా కూర్చున్న ఒక మామిడి రైతు దాని దీపాన్నే చూస్తున్నాడు.

"బాంబేం కాదు కదా పాపా?"

కాదని చెప్పి, విషయం మొత్తం చెప్పాను. నన్ను ఎవరైనా ఒక మాట అడిగితే పది మాటలు చెబుతాను, ఈ మధ్య అదొక జబ్బు. ఆయన ఇడ్లీ నములుతూ అంతా విన్నాడు.

"రాకెట్లో అదరతాదంటివి. బల్ల మింద కావాలనే అదరగొడతారంటివి. మల్ల కార్లో అదరకూడదంటావు. ఇదేం లెక్క?"

ఈ ప్రశ్న దారి పొడుగునా అందరూ అడిగారు. మొదట అడిగింది ఈయనే. "బల్ల మింద ఎంత అదరగొట్టేది మాకు తెలుస్తాది పెద్దాయనా. దార్లో తగిలిన దెబ్బ ఎంతో తెలీదు. ముందే లోపల చీలుంటే, బల్ల మింద పగిలినప్పుడు తప్పు పీఠానిదా, దారిదా?"

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు. "అట్ల సెప్పు. కాయ సెట్టు మిందనే సెడిందా, ట్రాక్టర్లో సెడిందా అని ఫ్యాక్టరీవోడు నన్ను అడిగినట్టే. నేనేమో నాది కాదంటా, ట్రాక్టరోడు వాడిది కాదంటాడు. మాకు గూడా ఒక దీపం పెట్టియ్యరాదూ?"

వద్దన్నా వినకుండా కారులో అరడజను కాయలు వేశాడు. ఒక్కొక్కటే, చప్పుడు కాకుండా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు.

తిరుపతి, రెడ్డెమ్మ పిన్నమ్మ ఇల్లు

ల్యాబ్ వాళ్లు సరుకును పొద్దున పూటే తీసుకుంటారు. మధ్యాహ్నం ఎండలో పెట్టెను తిప్పొద్దని కూడా అన్న చెప్పాడు. అందుకని ఆ రాత్రికి తిరుపతిలో మా పిన్నమ్మ ఇంట్లో దిగాం. అమ్మ చెల్లెలు, పేరు రెడ్డెమ్మ. కొర్లగుంటలో చిన్న మెస్సు నడుపుతుంది. ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్లూ నేను ఆమె ఇంట్లో ఉండి, ఆమె చేతి అన్నమే తిన్నాను. నా పట్టా ఫోటో మా ఇంట్లో ఒకటి ఉంటే ఆమె మెస్సులో రెండున్నాయి.

తిరుపతిలో నాకు ఇష్టమైంది ఏంటంటే, ఎంత దూరం నుంచి ఎవరు వచ్చినా ఆ ఊరు వింతగా చూడదు. గుండ్లు, మూటలు, అన్ని భాషలూ దానికి అలవాటే. దీపం మిణుకుతున్న పెట్టెను రెండు చేతులా పట్టుకుని సందులో నడిచి పోతుంటే ఒక్కరూ తిరిగి చూడలేదు. అదే మా ఊళ్లో అయితే పంచాయతీ పెట్టేవాళ్లు.

ఇంట్లో చల్లగా ఉండేది వంటగది ఒక్కటే. అక్కడ పొయ్యికి దూరంగా, గోడ వెంబడి పరిచిన నల్లరాతి బండ మీద పెట్టెను పెట్టి, "ఎవురూ తాకొద్దండి" అని చెప్పి పడుకున్నాను. ఎవరూ తాకలేదు. ఆ మాట ఇప్పటికీ నిజమే.

పిన్నమ్మ గురించి మీకు ఒకటి చెప్పాలి. కొబ్బరికాయ కొట్టడంలో ఆమెకు ఆ వీధిలో పేరుంది. ఒకే దెబ్బ. రెండు చిప్పలూ సమానంగా విచ్చుకుంటాయి, నీళ్లు కింద పడవు. ఎవరు బండి కొన్నా, కొత్త ఫ్రిజ్ తెచ్చినా, ఆమెనే పిలిచి కొట్టిస్తారు. పొద్దున, అది శుక్రవారం, నేను స్నానం చేస్తుండగా వంటగదిలోంచి ఠప్పుమని ఒక్క చప్పుడు వినిపించింది.

తల తుడుచుకోకుండానే పరిగెత్తాను. పెట్టెకు పసుపు, కుంకుమ, మీద ఒక మల్లెపూల మూర. ముందర కర్పూరం. బండ అంచున కొట్టిన కాయ రెండు చిప్పలూ చెరో చేతిలో పట్టుకుని పిన్నమ్మ నావైపు తిరిగి నవ్వింది.

"పువ్వు వచ్చింది సూడు మే. లోపల పువ్వొస్తే పని అయినట్టే."

నేను కాయను చూడలేదు. దీపం ఎర్రగా వెలుగుతోంది.

ఆమెకు విషయం అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "నేను పెట్టెను తాకనే లేదు కదే" అంది. పెట్టె ఉన్న బండ మీదే కొట్టావు, బండ అదిరితే పెట్టె అదిరినట్టే అని చెప్పాను. చిప్పలను పక్కన పెట్టి నేల మీద కూలబడింది.

చిన్నాయన, అంటే పిన్నమ్మ భర్త, తలుపు దగ్గర నిలబడి గొంతు తగ్గించి అన్నాడు. "రోడ్డులో గుంత వచ్చిందని చెప్పెయ్ మే. ఆ మీటరుకు గుంతేందో టెంకాయేందో ఏం తెలుస్తాది?"

"దానికి టైము గూడా తెలుస్తాది చిన్నాయనా. ఆ టైములో కారు వాకిట్లో నిలబడి ఉండాది."

మునిరత్నం అన్నకు ఫోన్ చేశాను. ఏం జరిగిందో చెప్పాను. "పో పాపా. పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. బల్ల ఎక్కించకపోతే తిరిగి రాండి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

కారు దగ్గరికి వచ్చేసరికి పిన్నమ్మ చీర మార్చుకుని, టిఫిన్ క్యారియర్ పట్టుకుని, ముందు సీట్లో కూర్చుని ఉంది.

"నువ్వు యాడికి?"

"కొట్టింది నేను. నేనే వచ్చి చెప్తా. ఆ ల్యాబోళ్లు తిట్టేదుంటే నన్ను తిట్నీ."

శ్రీకాళహస్తి మీదుగా

రేణిగుంట దాటి శ్రీకాళహస్తి దారి పట్టాం. ఎర్ర దీపం వెలిగాక ఇక జాగ్రత్త ఎందుకు, మామూలుగా తోలొచ్చు కదా అని మీరనుకోవచ్చు. గౌస్ మామ అలా అనుకోలేదు. ముందు రోజు కంటే నెమ్మదిగా తోలాడు. ప్రతి వంతెన దగ్గరా అదే ఏటవాలు, అదే ఓపిక. నేను ఆయన వీపును చూస్తూ కూర్చున్నాను. తోలడమే ఆయన చెప్పిన ధైర్యం.

నాయుడుపేటలో కాఫీకి ఆగాం. ఇరవై రూపాయలు. చిక్కగా, తమిళనాడు పద్ధతిలో ఇత్తడి గ్లాసులో వచ్చింది. పిన్నమ్మ తాగలేదు. క్యారియర్ తెరిచి పొంగలి మాకు పెట్టి, తను గ్లాసెడు నీళ్లు తాగి, "పెండ్లిండ్లలో కొట్టినాను, గృహప్రవేశాల్లో కొట్టినాను, ఒక్కటీ చెడిపోలేదు మే. నాకే ఎందుకిట్లయింది" అంది.

"అవేమీ దీపం పెట్టుకోని రాలేదు కదక్కా" అన్నాడు గౌస్ మామ. ఆమెకు నవ్వు రాలేదు గానీ పొంగలి మాత్రం రెండు ముద్దలు తింది.

సూళ్లూరుపేట

ఈ ఊళ్లో మాట మారిపోతుంది. తెలుగులో మొదలుపెట్టిన వాక్యం తమిళంలో పూర్తవుతుంది, ఎవరూ గమనించరు. స్టేషన్ వైపు నుంచి మద్రాసు లోకల్‌ రైలు దిగిన కూలీలు, ఆఫీసువాళ్లు ఒకే ఆటోలో ఇరుక్కుని పోతుంటారు. రాకెట్ ఎప్పుడు లేస్తుందో ఇక్కడ టీ కొట్టువాడికీ తెలుసు. లేచే రోజు మేడ మీదికెక్కి చూసి, దిగి వచ్చి మళ్లీ టీ పెడతాడట. మా ఊరివాళ్లు విమానం పోతేనే తలెత్తి చూస్తారు.

ల్యాబ్ ఊరికి కాస్త దూరంలో ఉంది. చూసేవాళ్లకు గోడౌన్ లాగా ఉంటుంది. లోపల ఇంజినీరు పేరు సుహాసిని. మేడం అని పిలిచాను. నాకంటే పదేళ్లు పెద్దది ఉంటుందేమో. ఎర్ర దీపాన్ని చూసి ఆమె ముఖం మారింది. నేను మొత్తం చెప్పాను. కుంకుమ ఇంకా పెట్టె మీదే ఉంది కాబట్టి దాచడానికి కూడా ఏమీ లేదు. నేను పూర్తి చేసేలోపే వెనక నుంచి పిన్నమ్మ అందుకుంది.

"కొట్టింది నేను మేడం. పిల్లకేం తెలీదు, అది నీళ్లు పోసుకుంటా ఉన్నింది. దాని పని పోగొట్టొద్దు."

మేడం లాగర్‌ను కంప్యూటరుకు తగిలించింది. తెర మీద మా రెండు రోజుల దారి ఒక గీతగా వచ్చింది. ఘాటు, చిత్తూరు, రాత్రంతా కదలని చదును, మళ్లీ రోడ్డు. అన్నీ చిన్న చిన్న అలలు. మధ్యలో ఒకే ఒక్క సూది, ఆకాశానికి.

"కారు ఎవరు నడిపారు?" అని అడిగింది మేడం.

గౌస్ మామ అని చెప్పాను. "ఇంత చదునైన దారి నేను ఇంతవరకు చూడలేదు. ఆ సూది తప్పితే అందులో వంక పెట్టడానికేమీ లేదు" అంది. తర్వాత ఆ సూదిని పెద్దది చేసి చూసింది. కంటి రెప్ప కొట్టేంత సేపు కూడా లేదు. పెన్నుతో బల్ల మీద తట్టుకుంటూ ఆలోచించింది.

"లాగర్ ఉన్నది పెట్టె గోడకు. దెబ్బ గోడకు తగిలింది, అది నిజం. నురుగు దిండ్లు దాటి అద్దం దాకా ఎంత పోయింది అన్నది మనకు తెలీదు. తెలీకుండా నేను బల్ల ఎక్కించలేను." పిన్నమ్మ వైపు తిరిగింది. "మీరు మళ్లీ అట్లాగే కొట్టగలరా?"

పిన్నమ్మ కళ్లు తుడుచుకుంది. "ఎన్ని కాయలు?"

క్యాంటీన్ వంటగది

అద్దం ఉన్న పీఠాన్ని తీసి భద్రంగా అల్మారాలో పెట్టారు. జోడు పీఠంలో అద్దమంత బరువున్న గాజు బిళ్ల బిగించి, అదే పెట్టెలో పెట్టారు. ఒక సెన్సర్ గోడకు, ఒకటి గాజుకు. సెన్సర్లను తేనె మైనంతో అంటిస్తారు. ఇంత పెద్ద ల్యాబ్‌లో మైనం ముద్ద చూసి నాకు ఎంతో ముచ్చటేసింది.

గౌస్ మామ బజారుకు పోయి కాయలు తెచ్చాడు. ముప్పై ఐదు రూపాయలు ఒకటి, తిరుపతిలో నలభై ఐదు. కాయలు చేతికి రాగానే పిన్నమ్మ చుట్టూ చూసి, గది మధ్యలో నునుపుగా మెరుస్తున్న నల్లరాతి బల్ల దగ్గరికి పోయి చెయ్యి ఎత్తింది. మేడం, నేను, ఇంకో ఇద్దరు ఒకేసారి అరిచాం. ఆ బల్ల కొలతలకు వాడేది. దాని మీద చెయ్యి పెట్టాలన్నా గుడ్డతో తుడిచి పెట్టాలి.

"బండే కదా" అంది పిన్నమ్మ.

"ఆ బండ మీద గీత పడితే నా ఉద్యోగం కూడా పోతుందమ్మా" అంది మేడం.

చివరికి క్యాంటీన్ వంటగదిలో, పిన్నమ్మ ఇంట్లో ఉన్నట్టే గోడ వెంబడి పరిచిన బండ దొరికింది. తీగలను అక్కడిదాకా లాగారు. వంటవాడు సెల్వం గరిటె పట్టుకునే చూస్తున్నాడు.

"ఏంది పెద్దమ్మా, కోయిల్‌లో సామి ముందర కొట్టేది ఈడ కొడతా ఉండావు?"

"కాయలు నీకే ఇస్తాలే, చట్నీ చేసుకో. నోరు మూసుకోని నిలబడు."

పిన్నమ్మ కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. పెట్టెకూ తనకూ ఎంత దూరమో నన్ను అడిగి సరిచూసుకుంది. కొట్టింది. రెండోది. మూడోది. నీళ్లు ఒక్క చుక్క కూడా బండ మీద పడలేదు.

తెర మీద మూడు సూదులు లేచాయి. మూడూ ఒకే ఎత్తు, పొద్దుటి సూది ఎత్తే. మేడం వాటిని చూసి నవ్వేసింది. "పరీక్షకు తట్టే మా ట్యాపింగ్ సుత్తితో కొట్టినా నాకు ఇంత సమంగా రాదు" అంది. తర్వాత కింది వరుస చూపించింది. అది గాజుకు అంటించిన సెన్సర్‌ది. పైన సూదులు లేచిన చోట, కింద చెరువులో చేప తోక ఆడించినంత అల. అంతే. దెబ్బ అంత పొట్టిది కాబట్టి నురుగు దిండ్లే దాన్ని తినేశాయి.

మేడం ఆ గీతలను బెంగళూరుకు పంపి, ఫోన్‌లో మాట్లాడి, "చూసి చెబుతామన్నారు. భోజనం చేసి రండి" అంది. ఊళ్లో చేపల పులుసు అన్నం నూట ఇరవై రూపాయలు. గౌస్ మామ తిన్నది చూస్తే పులుసు బాగుందని నేను కూడా ఒప్పుకోవాలి. పిన్నమ్మకు శుక్రవారం, చేప ముట్టదు. నేను పులుసన్నం కలుపుతూనే కూర్చున్నాను. మా టేబుల్ దగ్గరికి వడ్డనకు వచ్చిన ఆవిడ, "చేప ముల్లు లేదు పాపా, భయపడొద్దు" అని రెండుసార్లు చెప్పింది.

తిరిగి వచ్చేసరికి మేడం తలుపు దగ్గరే ఉంది. "ఎక్కించమన్నారు" అంది.

బల్ల మీద

అదిరించే బల్ల అంటే నేను మంచమంత ఉంటుందనుకున్నాను. రోలు అంత ఉంది. కింద మాత్రం ఏనుగంత అయస్కాంతం. పీఠాన్ని దాని మీద బిగించి, మైనంతో సెన్సర్లు అంటించి, మమ్మల్ని గాజు తలుపు ఇవతల కూర్చోబెట్టారు. మునిరత్నం అన్న ల్యాబ్ ఫోన్‌లో ఉన్నాడు.

ముందు బల్లను సన్నగా, నిదానం నుంచి వేగం దాకా అదిరించి ఒక గీత తీసుకుంటారు. పీఠం ఏ వేగం దగ్గర ఎంత స్పందిస్తుందో ఆ గీతలో తెలుస్తుంది. తర్వాత రాకెట్‌లో వచ్చేంత గట్టిగా అదిరిస్తారు. ఆ తర్వాత మళ్లీ సన్నగా అదిరించి రెండో గీత. లోపల ఏదైనా చీలినా, జరిగినా, వదులైనా రెండో గీత మొదటి గీత నుంచి పక్కకు తప్పుకుంటుంది. మనిషిని జ్వరానికి ముందు, తర్వాత చూసుకున్నట్టు.

మొదటి గీత నీలం రంగులో వచ్చింది. రెండు కొండలున్న గీత. అన్న లెక్కగట్టి చెప్పిన చోటే లేచాయి.

తర్వాత గట్టిది. ఆ శబ్దాన్ని ఎలా చెప్పాలో తెలీదు. వందల తేనెటీగలు ఒక బిందెలో దూరినట్టు మొదలై, నేల కిందికి దిగి, మన పళ్లలోకి వచ్చింది. కుర్చీలు అదిరాయి. గాజు తలుపు అదిరింది. బల్ల మీద పీఠం మాత్రం మసకగా కనబడిందే గానీ కదిలినట్టే లేదు. ఫోన్‌లో అన్న, "శబ్దం మధ్యలో యాడా తెగలేదు కదా?" అని ఒక్కసారి అడిగాడు. లేదన్నాను. అంత చేటు అదురును చేతిలో ఇమిడేంత చిన్న మెత్తలు నోరు మూసుకుని మింగుతున్నాయి. వాటిని కత్తిరించింది మా షెడ్డులో, మా బెంచీ మీద. నేను ఇంజినీరింగ్ ఎందుకు చదివానో నాకు ఆ నిమిషంలో తెలిసింది.

బల్ల ఆగింది. సన్నటి అదురు మళ్లీ మొదలై, అయిపోయింది. రెండో గీత ఎర్ర రంగు. మేడం రెండింటినీ ఒకే తెర మీదికి తెచ్చింది.

తెర మీద ఎర్ర గీత ఒక్కటే కనబడింది.

పిన్నమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "మల్ల ఎర్రదే వచ్చింది కదే. నీలంది యాడికి పోయింది? చెడిపోయిందా?"

"పోలేదు పిన్నమ్మా. దాని కిందనే ఉండాది. ఒకదాని మింద ఒకటి కూర్చున్నాయి."

మేడం కొండ కొసను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూపించింది. ఎర్ర గీత అంచున, వెంట్రుక మందాన నీలం కనబడింది. పిన్నమ్మ తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూసి, "అద్దో, ఉండాది" అంది.

అన్నకు చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. "సరే, వచ్చేటప్పుడు గూడా నిదానంగానే రమ్మని గౌస్‌కు చెప్పు పాపా. ఈసారి కార్లో మనుషులుండారు. సోమవారం పొద్దున షెడ్డుకు బిన్నే రా, లేటు చెయ్యొద్దు. ఇంకో పీఠం మొదలుపెడదాం" అని పెట్టేశాడు.

కాగితాల మీద సంతకాలకు రమ్మని మేడం పిలిచింది. లేవబోయాను గానీ లేవలేకపోయాను. బల్ల ఆగి చాలాసేపయింది. నా మోకాళ్లు మాత్రం ఇంకా అదురుతూనే ఉన్నాయి. పిన్నమ్మ తెర మీంచి కళ్లు తిప్పకుండానే, టెంకాయ పీచు అంటుకున్న చెయ్యి ఒకటి తెచ్చి వాటి మీద వేసి, అవి ఆగేదాకా అదిమి పట్టుకుంది.